ఒంటికన్ను కావలి

మా పెదకాకానిలో ఎవరైనా "లెన్సు మార్పించాం" అన్నారంటే, వినేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఏ కంటికి?" అని. పెద్దరోడ్డు పక్కనే శంకర కంటి ఆసుపత్రి ఉండడంతో వచ్చిన అలవాటది. ఊరూరి నుంచీ శుక్లాలవాళ్ళు వస్తూంటారు, నల్లకళ్ళజోళ్ళు పెట్టుకుని వెళుతూంటారు. అంచేత ఆ మధ్య గుడి దగ్గర ఒకావిడతో మాటల మధ్య "మా ఇంట్లో లెన్సు మార్పించామండీ" అన్నానో లేదో, సాయంత్రానికల్లా ముగ్గురు బత్తాయిపళ్ళతో దిగారు. మా అత్తగారి రెండు కళ్ళూ పరీక్షగా చూసి, "బాగానే కుదిరిందే!" అని మెచ్చుకున్నారు కూడా. మార్చింది ఆవిడ కంటికి కాదనీ, వీధి వసారా చూరుకి బిగించిన కెమెరాకనీ చెప్పేసరికి వాళ్ళ ముఖాలు చూడాలి! బత్తాయిపళ్ళు మాత్రం వెనక్కి పట్టుకెళ్ళలేదు, పాపం.

ఆలోచిస్తే వాళ్ళు పడ్డది అంత తికమకేమీ కాదు. కన్నయినా కెమెరా అయినా ముందొక బిళ్ళ, వెనకొక తెర ఉన్న చీకటిగదే. పైగా "ఇది పుట్టుకతో బిగించి వచ్చింది, మార్చడం మన తరం కాదు" అని రెండింటి గురించీ చాలాకాలం అనుకున్నారు. మన సుశ్రుతుడి నాటి వైద్యం శుక్లం పట్టిన బిళ్ళను కంటికి అడ్డం లేకుండా తప్పించడం వరకే. ఆ చోట మరొకటి పెట్టే మాటే లేదు. ఆ సాహసం చేసినవాడు లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు. రెండో ప్రపంచయుద్ధంలో విమానం పైకప్పు పగిలి, పైలట్ల కళ్ళలో దిగబడ్డ పర్‌స్పెక్స్ ముక్కలు కంటికి కీడు చెయ్యకుండా అలాగే ఉండిపోవడం ఆయన గమనించాడు. అదే సరుకుతో బిళ్ళ చేయించి, 1949 నవంబరు 29న సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఒక నలభై అయిదేళ్ళ ఆవిడ కంట్లో అమర్చాడు. బిళ్ళ కుదురుకుంది గాని లెక్క కుదరలేదు. ఆవిడకి మైనస్ 18 వచ్చింది! ముక్కుకి ఆనించుకుంటే తప్ప ఏదీ ఆనని చూపన్నమాట. లెన్సు మార్చడం ఒక ఎత్తు, ఎంత దూరానికి చూసేది పెట్టాలో తేల్చుకోవడం మరో ఎత్తు.

మా ఇంటి గొడవా సరిగ్గా అదే.

మిరపకాయల కాలంలో గుంటూరు చుట్టుపక్కల ఇళ్ళ సంగతి మీకు తెలియంది కాదు. కల్లంలో ఎండి, తాలుకాయ ఏరి, టిక్కీలకెత్తిన సరుకు యార్డుకో కోల్డ్ స్టోరేజీకో చేరేదాకా రైతుకి కంటిమీద కునుకుండదు. పూర్వం చేలో మంచె ఉండేది, కల్లంలో నులకమంచం ఉండేది, ఊరికంతటికీ తలారి ఉండేవాడు. ఇప్పుడు ఆరుబయట పడుకునే మనుషులు తగ్గి, చూరు కింద కెమెరాలు పెరిగాయి. మేమూ ఒకటి పెట్టించాం. పెట్టిన కుర్రాడు, "టూ పాయింట్ ఎయిట్ లెన్సండీ, వీధి వీధంతా కనపడుద్ది" అని గొప్పగా చెప్పాడు. నిజమే, కనబడింది. మా వాకిలి, గేటు, అవతల రోడ్డు, కరెంటు స్తంభం, ఎడంపక్క వదినగారి ముంగిలి, జామచెట్టు, వాళ్ళ దండెం మీద చీరలు – అరచేతిలో వైకుంఠం!

ఒక రాత్రి వసారాలోంచి రెండు టిక్కీలు పోయాయి. పొద్దున్నే ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరాం. తలకి తువ్వాలు చుట్టుకున్న మనిషొకడు గేటు తీసుకొచ్చాడు, బస్తా భుజానికెత్తుకున్నాడు, వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. రెండోసారి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర బస్తా దింపి, తువ్వాలు విప్పి, తీరుబడిగా ముఖం తుడుచుకున్నాడు కూడా! "ఆపు, అక్కడ ఆపు, పెద్దది చెయ్యి" అన్నారు మా వారు. పెద్దది చేస్తే ముఖం ఉండవలసిన చోట ఇడ్లీపిండి ముద్ద. అయినా ఊరుకుంటామా? నడక చూసి ఒకరు ఒక పేరు చెప్పారు, భుజం చూసి మరొకరు సరే సరే అన్నారు. నాలుగేళ్ళుగా మా చేలో పనిచేస్తున్న ఒక కుర్రాడి పేరు స్టేషను గుమ్మందాకా వెళ్ళబోయింది. మా అత్తగారు అడ్డం పడ్డారు. "కళ్ళూ ముక్కూ లేని బొమ్మకి మీరు పేరెట్టా పెడతార్రా?" అన్నారు. ఆ ప్రశ్నకి ఎవరి దగ్గరా జవాబు లేదు.

జవాబు లెక్కలో ఉంది. లెక్కలంటే భయపడకండి, ముగ్గు చుక్కల లెక్కే. ఇలాంటి సామాన్యమైన కెమెరా తన ముందున్నదాన్నంతా అడ్డంగా 1920 చుక్కల్లో సర్దుతుంది. మా గేటు కెమెరాకి నలభై అడుగుల దూరం. 2.8 మిల్లీమీటర్ల లెన్సు అంత దూరంలో దాదాపు డెబ్భై అడుగుల వెడల్పు చూస్తుంది. డెబ్భై అడుగులకి 1920 చుక్కలు పంచితే, అరడుగుండే మనిషి ముఖానికి దక్కేవి పదమూడో పధ్నాలుగో. పదమూడు చుక్కలతో సంక్రాంతి రథం వెయ్యమంటే వేస్తాం గాని మనిషి ముఖం వెయ్యగలమా? అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి మీటరుకి 125 చుక్కలు, తెలియని మనిషిని నిర్ధారించడానికి 250 ఉండాలి. మా గేటు దగ్గర తొంభై లోపే పడుతున్నాయి. దొంగ తువ్వాలు తీసినా ఒకటే, తియ్యకపోయినా ఒకటే.

దృశ్యమా, ముఖమా అన్న ఈ తగువు కొత్తది కాదు. ఫోటోగ్రఫీతోపాటే పుట్టింది. 1839లో పారిస్‌లో డాగేర్ తన కెమెరాని లోకానికి చూపించినప్పుడు దానికి బిగించింది దూరపు దృశ్యాలకి పనికొచ్చే లెన్సు. మేడలూ వంతెనలూ చక్కగా వచ్చేవి. మనుషులు వచ్చేవారు కాదు. లోపలికి వెలుతురు అంత తక్కువ పట్టేది, నిమిషాల తరబడి కదలకుండా ఎవరు కూర్చుంటారు చెప్పండి? మరుసటి ఏడే వియన్నాలో జోసెఫ్ పెట్స్‌వాల్ అనే గణితాచార్యుడు ముఖాల కోసమని వేరే లెన్సుకి లెక్క కట్టాడు. ఆ లెక్కలు పెద్దవి కావడంతో సాయానికి ఫిరంగి దళంలో గుణకారాలు తెలిసిన సైనికుల్ని ఇచ్చారట. తుపాకిమందు చేతులతో లెక్కలు! ఫాయిగ్‌లాండర్ సంస్థ తయారుచేసిన ఆ లెన్సు వెలుతురుని పాతదానికి పదిహేనురెట్ల పైచిలుకు పట్టింది. మనిషి నిమిషంలోపు కూర్చుంటే చాలు. అయితే మధ్యలో మాత్రమే సూదిమొనలా స్పష్టం, అంచులన్నీ మసక. ముఖం తీసేవాడికి అంచులతో పనేముంది? అలా ముఖానికొక లెన్సు, ఊరికొక లెన్సు అని దారులు వేరయ్యాయి.

అన్నట్టు, ఆ ముఖాల మాట వచ్చింది గనక మన హైదరాబాదు సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఆరో నిజాం ఆస్థానంలో ఉన్న రాజా దీన్‌దయాళ్ 1892లో పరదా స్త్రీల కోసమే ప్రత్యేకంగా ఒక జెనానా స్టూడియో తెరిచాడు. అందులో ఫోటోలు తీసేదీ స్త్రీయే. కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల వనిత ఆ బాధ్యత చూసింది. లెన్సు ఎటువంటిదన్నదే కాదు, దాని వెనక కన్ను ఎవరిదన్నదీ ఆడవాళ్ళకి ముఖ్యమేనని ఆయన గ్రహించాడు. వ్యాపారమే కావచ్చు, గ్రహించాడు.

ఒకే కెమెరాకి లెన్సు మార్చుకునే వీలు సామాన్యుడి చేతికి రావడానికి ఇంకా కాలం పట్టింది. 1925లో జర్మనీలో వచ్చిన లైకా చిన్న కెమెరాకి లెన్సు కదలకుండా బిగించే ఉండేది. 1930లో మరచుట్టు లెన్సు పెట్టారు. తమాషా ఏమిటంటే మొదట్లో ఏ కెమెరాకి చేసిన లెన్సు ఆ కెమెరాకే సరిపోయేది, మామ్మగారి భోషాణం తాళంచెవిలాగ. మరుసటి సంవత్సరం కొలతలు ఒకటి చేశాకగాని ఎవరి లెన్సు ఎవరికైనా పట్టలేదు. పాత బిగింపు కెమెరాలు తెచ్చి ఇచ్చినవాళ్ళకి ఆ కంపెనీయే కొత్త మర తొడిగి ఇచ్చేది కూడా.

మన ఇళ్ళల్లోకి వచ్చింది లైకా కాదు లెండి. బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ. ఎండకొక గుర్తు, మబ్బుకొక గుర్తు. లెన్సు మాత్రం బిగింపే. అందుకే ఆ రోజుల్లో లెన్సు బదులు మనుషులు కదిలేవారు. "ఇంకొంచెం వెనక్కి... పిన్నిని కూడా కలుపుకోండి... పిల్లాణ్ణి ముందుకి నెట్టండి..." ఆ కాలపు పెళ్ళి ఫోటోలు తీసి చూడండి. ఇరవైమంది ఉంటారు, పెళ్ళికూతురి ముక్కుపుడక ఎవరికీ కనపడదు.

ఇక కాపలా కెమెరా. దీని పుట్టుక అంత శుభమైనది కాదు. 1942లో జర్మన్లు పీనెముండే దగ్గర వి–2 రాకెట్లు ఎగరేస్తూ, దగ్గర నిలబడితే ప్రాణం పోతుందని, వాల్టర్ బ్రూఖ్ అనే ఇంజనీరు అమర్చిన టెలివిజన్ కెమెరాలతో దూరాన్నుంచి చూశారు. యుద్ధం నుంచి ఈ కెమెరాని వీధి గుమ్మానికి తెచ్చింది మాత్రం ఒక ఇల్లాలు. నాకు ఈ చరిత్ర అంతటిలోకీ ఇష్టమైన మనిషి ఆవిడే.

ఆవిడ పేరు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్. న్యూయార్కులో క్వీన్స్ ప్రాంతంలో ఉండే నల్లజాతి నర్సు. ఆవిడ డ్యూటీ ఒక వేళ, ఎలక్ట్రానిక్స్ పనిచేసే భర్త ఆల్బర్ట్ డ్యూటీ ఒక వేళ. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు అపరాత్రి తలుపు చప్పుడైతే వచ్చినవాళ్ళెవరో తెలిసేదెలా? ఆ పేటలో నేరాలెక్కువ, పోలీసులు పిలిచినప్పుడు వేగిరం వచ్చేవారు కారు. భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఒక ఏర్పాటు ఆలోచించారు. 1966 ఆగస్టు 1న పేటెంటుకి దరఖాస్తు పెట్టారు, 1969 డిసెంబరు 2న అది చేతికొచ్చింది. అందులో ఏముందంటే – తలుపుకి ఒకదాని కింద ఒకటిగా నాలుగు కన్నాలు. పొడుగువాళ్ళకొకటి, పొట్టివాళ్ళకొకటి, పిల్లలకొకటి, అలా. లోపల ఒకటే కెమెరా. అది మీట నొక్కితే పైకీ కిందికీ జరుగుతూ, కావలసిన కన్నం దగ్గర ఆగి చూస్తుంది. బొమ్మ పడగ్గదిలో టీవీ మీద పడుతుంది. అక్కణ్ణుంచే వచ్చినవాడితో మాట్లాడవచ్చు, స్నేహితుడైతే తలుపు గడియ తియ్యవచ్చు, కాకపోతే గంట మోగించవచ్చు.

ఒకటే కన్ను, ఎక్కడ అవసరమైతే అక్కడికి జరుగుతుంది! ఇది చదివినప్పుడు నాకు మా ఊరి కాకి జ్ఞాపకం వచ్చింది. కాకాని అన్న పేరుకి కాకితో ముడిపడిన స్థలపురాణం ఉంది. భరద్వాజ మహర్షి యజ్ఞం కథలో అది వస్తుంది. రామాయణంలో కాకాసురుడు రాముడి గడ్డిపోచ దెబ్బకి ఒక కన్ను పోగొట్టుకున్నాడు గదా. అప్పణ్ణుంచీ కాకికి కనుగుడ్డు ఒకటేననీ, దాన్నే కుడికీ ఎడమకీ జరుపుకుంటూ చూస్తుందనీ మనవాళ్ళ నమ్మకం. "కాకాక్షిగోళక న్యాయం" అని శాస్త్రాల్లో ఒక సామెతే ఉంది. మేరీ బ్రౌన్‌కి మన కాకి తెలిసే అవకాశం లేదు. చేతిలో ఉన్న ఒంటికన్నుని ఎలా వాడుకోవాలన్న ఇబ్బంది ఒకటే గనక ఉపాయమూ ఒకటే తోచింది.

ఆ తర్వాత ఈ కెమెరాలు బ్యాంకులకీ దుకాణాలకీ పాకాయి. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రజాభద్రత చట్టం చేసి, జనం ఎక్కువగా వచ్చిపోయే చోట్ల ఇవి ఉండి తీరాలన్నారు. పెద్ద కెమెరాలకి లెన్సు విడిగా వచ్చేది. ఆ మర పాతకాలపు పదహారు మిల్లీమీటర్ల సినిమా కెమెరాలది: అంగుళం వ్యాసం, అంగుళానికి ముప్ఫైరెండు చుట్లు, దాన్ని 'సి' మౌంట్ అంటారు. తర్వాత లెన్సుని అయిదు మిల్లీమీటర్లు లోపలికి జరిపి 'సి.ఎస్.' అన్నారు. చవకరకం చిన్న కెమెరాలు వచ్చేసరికి మర పన్నెండు మిల్లీమీటర్లకి కుదించుకుపోయింది. దాన్ని ఫ్యాక్టరీలోనే తిప్పి, చూపు కుదిర్చి, కదలకుండా ఒక చుక్క జిగురు పెట్టి, గాజు మూత బిగించేస్తారు. 'ఫిక్స్‌డ్ లెన్సు' అన్న పేరు వెనకున్న బ్రహ్మరహస్యం ఆ జిగురు చుక్కే.

నంబూరు నుంచి ఒక మెకానిక్ కుర్రాణ్ణి పిలిపించాం. లెన్సు ఎంతది పెట్టాలన్న దగ్గర మా ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. మా వారు ఆరు మిల్లీమీటర్లది చాలన్నారు. ముప్ఫైమూడు అడుగులు కనబడుతుంది, రోడ్డు కూడా కాస్త వస్తుంది గదా అని. నేను ఎనిమిదే కావాలన్నాను. ఎనిమిదికి పాతిక అడుగులే. గేటూ, దానికి రెండువైపులా మా ప్రహరీ, అంతటితో సరి. ముఖానికి ముప్ఫై ఎనిమిది చుక్కలు పడతాయి, మీటరుకి 250 లెక్కకి సరిపోతుంది. అది ఒక కారణం. రెండోది వదినగారి దండెం. కెమెరా వచ్చినప్పటి నుంచీ ఆ దండెం ముంగిట్లోంచి ఇంటి వెనక ఇరుకు సందులోకి మారింది. తలంటుకున్న రోజున ఎండలో కూర్చుని జుట్టు ఆరబెట్టుకునే అలవాటు ఆవిడకి. ఆ పీటా కనబడ్డం మానేసింది. ఒక్క మాట అన్లేదు. ఆరు పెడితే ఆవిడ ముంగిట్లో ముక్క ఇంకా మా టీవీలోనే ఉంటుంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు, ఎవరి ఏకాంతం వారి ప్రాథమిక హక్కని తీర్పు చెప్పారు. అది ప్రభుత్వాన్ని ఉద్దేశించిన మాట, గోడ పక్క ఇళ్ళ గురించి కాదు, అని మా వారు చదివినవాళ్ళ వాదన తీశారు. "గోడ మనది, చీరలు వాళ్ళవి" అన్నారు మా అత్తగారు. ఎనిమిది ఖాయమైంది.

పని చూడముచ్చటగా ఉంది. కుర్రాడు ముందు గాజు మూత విప్పి, జిగురు మెత్తబడడానికి మా అమ్మాయి జుట్టు ఆరబెట్టుకునే యంత్రం అడిగి తీసుకున్నాడు. వెచ్చబెట్టి, రెండు వేళ్ళతో మెల్లిగా తిప్పితే, ముక్కుపుడక మర వచ్చినట్టు వచ్చేసింది లెన్సు. బొటనవేలి గోరంత ఉందేమో. కొత్తదాని వెనక భాగం పొడుగైతే లోపల రాత్రికీ పగటికీ అటూ ఇటూ జరిగే చిన్న అద్దానికి తగులుతుందట, అది చూసుకుని తెచ్చాడు. చుట్టూ నల్ల స్పాంజి ఉంగరం మళ్ళీ సరిగ్గా కూర్చోబెట్టాడు. లేకపోతే రాత్రిపూట దాని సొంత ఎర్రదీపాల వెలుగే గాజుమీద పడి తిరిగొచ్చి బొమ్మంతా పాలనురగలా కనిపిస్తుందన్నాడు. మూసేముందు తేమ పీల్చే పొట్లం ఒకటి లోపల పెట్టాడు. చూపు కుదర్చడం ఒక పట్టాన తెమల్లేదు. మా వారు పంచాంగం పట్టుకుని గేటు దగ్గర నిలబడాలి, కుర్రాడు వెంట్రుకవాసి తిప్పాలి, నేను టీవీ ముందునుంచి "తిథి కనబడుతోంది, నక్షత్రం కనబడ్డం లేదు" అని కేకెయ్యాలి. పగలు కుదిరిన చూపు రాత్రి ఎర్రదీపాలకి కాస్త జరుగుతుందని, చీకటి పడ్డాక మళ్ళీ నిలబెట్టాడు. ఇంత చేశాక కంపెనీ గ్యారంటీ మిగలదని ముందే చెప్పాడు, మంచి కుర్రాడు. కొత్తగా కొనేవాళ్ళు ఈ ప్రయాస పడకుండా, 2.8 నుంచి 12 దాకా తిప్పుకునే లెన్సు ఉన్నది అడిగి తీసుకుంటే మేలు, ధర ఎక్కువే.

ఇప్పుడు మా గేటు ముందు నిలబడ్డ మనిషి మీసం తెల్లదో నల్లదో చెప్పగలం. పోయిన టిక్కీలు పోయినట్టే. చేలో కుర్రాడు మాత్రం పొద్దున్నే ఎప్పటిలాగే వస్తున్నాడు, ఆ రోజు టీవీ ముందు తన పేరు నడిచిన సంగతి తెలియకుండా.

నాలుగోనాటికి దండెం ముంగిట్లోకి వచ్చింది. ఆదివారం పీట కూడా వచ్చింది. జుట్టు చిక్కు తీసుకుంటూ వదినగారు గోడమీంచి పలకరించింది: "వదినా, మా జామచెట్టు మీ టీవీలో కనపడట్లేదంటగా? నిన్న కోతులొచ్చి సగం కాయ దులిపేసినయ్. ఇదివరకైతే మీ అత్తయ్యగారు చూసి కేకేసేవారు!"

మా అత్తగారు ఆ సాయంత్రమే టీవీ ముందున్న కుర్చీ తీయించి, గోడవార నీడలో వేయించుకున్నారు.